తాగకుండా కింద పెట్టిన కప్పు

రాస్ హమీమ్ షేకు జాబిర్, ఖోర్ దహ్‌లా షేకు మత్తర్ ఏటా ఎండలు ముదరగానే దెబ్బలాడుకునేవారు. ఖర్జూరాలు పండగానే కలిసిపోయేవారు. తాతల నాటి నుంచీ ఆ రెండు ఊళ్ళకీ ఇదే వరస. నడుమ ఇసుకలో ఉన్నది ఒకటే మంచినీళ్ళ బావి. దాన్ని సల్మా బావి అంటారు. ఎండాకాలం నీళ్ళు అడుగంటినప్పుడు ఎవరి ఒంటెలు ముందు తాగాలన్నదే తగువు. జాబిర్ భార్య మత్తర్‌కి స్వయానా అక్క కాబట్టి తిట్లకి కొదవ లేదు. బావా బావమరుదులు బావికి చెరో పక్కన నిలబడి గొంతులు బొంగురుపోయేదాకా అరుచుకుని, ఆకలేసి ఇళ్ళకి పోయేవారు. పళ్ళు కోసే వేళకి అక్క తమ్ముడికి కబురు పెట్టేది. అందరూ ఒక పళ్ళెం చుట్టూ కూర్చుని తినేవారు. తగువు పళ్ళెంతో పాటు కడిగేసినట్టు పోయేది.

ఒక ఏడు వాళ్ళు అలా అరుచుకుంటూ ఉండగా సర్కారువారి ఫిరంగి ఓడ ఒకటి ఆ తీరం పక్కనుంచి పోతోంది. ఓడమీది దొర దుర్భిణి పెట్టి చూశాడు. చూసినదాన్ని పైవారికి తెలియజేశాడు. పైవారు దానికి 'అరబ్బు పాలకుల మధ్య వివాదం' అని పేరు పెట్టారు. అరుపుకి అంత పెద్ద పేరు వచ్చాక అది ఖర్జూరాల వేళకి దానంతటది పోతానంటే ఎలా కుదురుతుంది? సర్కారువారు గుర్తించిన వివాదాన్ని సర్కారువారే తీర్చాలి.

అది తీర్చడానికి కెప్టెన్ విగ్‌మోర్ దొర రాయబారం వచ్చి బావి పక్కనే డేరాలు వేశాడు. ఆయన వెంట ఒక జెండా, కొందరు సిపాయిలు, బందరులో అరబ్బీ చదువుకున్న దుబాసీ దస్తగిరి సాహెబు, భీమిలి నుంచి వంటవాడు అసిరయ్య వచ్చారు.

అసిరయ్య భీమిలి రేవులో ఓడెక్కేనాటికి అతని భార్య నూకాలుకి నెలలు నిండుతున్నాయి. "ఎంతసేపు? మామిడికాయల వేళకి ఇంట్లో ఉంటావు," అన్నాడు దొర. ఆ మామిడికాయలు పోయాయి. మళ్ళీ మామిడికాయలొచ్చాయి, అవీ పోయాయి. ఒకనాడు ఆ దారిన పోతున్న ఓడలోంచి భీమిలి కళాసీ ఒకడు దిగి కబురు చెప్పాడు.

"ఆడగుంట పుట్టిందిరా అసిరీ. నడిసీస్తంది కూడాను. నీ ఆడది దాన్నెత్తుకుని రోజూ రేవుకొస్తంది. ఓడ దిగినోణ్ణల్లా తండ్రనుకుని 'అయ్యా' అంటంది నీ కూతురు. నన్నూ అనీసింది. మా ఇంటిది ఇనీసి, నాతో రెండ్రోజులు మాటాడ్నేదు!"

కళాసీ పగలబడి నవ్వాడు. అసిరయ్యా నవ్వాడు గానీ, ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేశాడు.

మర్నాడు దొర గడ్డం గీసుకుంటుంటే ఎదురుగా వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"దొరగారూ, ఒక్కపాలి ఇంటికెళ్ళొస్తానండి. నా గుంటని సూసుకునొచ్చీస్తాను."

దొర అద్దంలోంచే అతన్ని చూశాడు. "అసిరయ్యా, వివాదము అపరిష్కృతముగా ఉన్న కాలమున రాయబార సిబ్బందిలో ఎవరికీ సెలవు మంజూరు చేయుట సాధ్యము కాదు. వివాదము పరిష్కారమైన పిమ్మట నీ కోరిక సానుభూతితో పరిశీలింపబడును."

ఇందులో అసిరయ్యకి తెలిసింది ఒకటే. షేకులు కలిస్తేగాని తను కూతుర్ని చూడడు. ఆ రోజు నుంచి ఆ తీరంలో శాంతి నెలకొనాలని నిజంగా కోరుకున్నవాడు అసిరయ్య ఒక్కడే.

రాయబారానికి ఒక నిబంధన ఉంది. దాని పేరు సమభావ నిబంధన. అందులో రెండు ముక్కలు. ఒక పాలకుని వద్ద స్వీకరించినదానిని రెండవ పాలకుని వద్ద కూడా అదే వేళ స్వీకరింపనిదే ఏదీ స్వీకరింపరాదు, అనేది మొదటిది. ఇద్దరు పాలకులూ సమానముగా ఇచ్చినదానిని తిరస్కరింపరాదు, అనేది రెండోది. దొర ఈ నిబంధనని దేవుడి మాట కంటే గట్టిగా నమ్మాడు. దేవుడు మనుషుల్ని పొట్టీ పొడుగూ చేశాడు కదా, నిబంధన అలాంటి పక్షపాతం చెయ్యలేదు.

సంప్రదింపుల డేరా విషయంలోనే ఆ సంగతి తెలిసింది. ముందు ఎవరు లోపలికి రావాలన్న చిక్కు రాకుండా డేరాకి రెండు వాకిళ్ళు పెట్టించారు. షేకు మత్తర్ తాటిచెట్టంత పొడుగు. షేకు జాబిర్ అడ్డంగా పెరిగిన మనిషి. ఇద్దరి తలలూ ఒక ఎత్తున ఉండాలని జాబిర్ కింద దిండు వేయించారు. ఆయన కూర్చోగానే దిండు అణిగిపోయింది. ఇంకోటి వేశారు, అదీ అణిగింది. చివరికి ఆయన్ని దిండ్ల గుట్ట మీద కూర్చోబెట్టారు. దిగడానికి ఇద్దరు సిపాయిలు కావలసివచ్చారు. సముద్రపు గాలి మత్తర్ వైపునుంచి వీస్తోందని జాబిర్‌కి విసరడానికి అసిరయ్యని నిలబెట్టారు. సాయంత్రం గాలి మళ్ళింది. విసనకర్ర పట్టుకుని అసిరయ్య కూడా మళ్ళాడు. నీడ జరిగిన కొద్దీ ఒకరి మీద ఎండ ఎక్కువ పడుతోందని డేరా ఊడదీసి మళ్ళీ వేసేవారు. ఈ పనుల మధ్య బావి మాట ఎత్తడానికి తీరిక దొరకలేదు.

"ఇంతకీ మనం ఎందుకొచ్చినట్టు బావా?" అన్నాడు మత్తర్ ఒకనాడు డేరా ఊడదీస్తుంటే ఎండలో నిలబడి.

"నాకూ గుర్తు రావట్లేదు," అన్నాడు జాబిర్, సిపాయిల భుజాల మీదనుంచి.

వాళ్ళు అరబ్బీలోనే అన్నారు. అయితే ఆ మాటలు అసిరయ్య చెవికి మాత్రం భీమిలి చేపలబజారులో బావ బావమరిది మాటల్లాగే వినపడేవి. ఇంతకాలం కూరా నారా బేరం చేసి అతనికి అరబ్బీ పట్టుబడింది.

సంప్రదింపులు సాగడం లేదని దొర ఒక్కొక్క షేకునీ ఇంటికి వెళ్ళి పలకరించదలచుకున్నాడు. పొద్దున జాబిర్ ఇంటికి, సాయంత్రం మత్తర్ ఇంటికి. అసలు అనర్థం అక్కడ మొదలైంది.

ఆ ఎడారిలో ఒక ఆచారం ఉంది. ఇంటికొచ్చినవాడికి కాఫీ పోస్తారు. ఏదైనా కోరి వచ్చినవాడు నోరు తెరిచి అడగడు. కాఫీ తాగకుండా కప్పు తివాచీ మీద పెడతాడు. ఇంటాయన అది చూసి, "నీ అవసరం ఏమిటి?" అని అడగాలి. తీరుస్తానని మాట ఇచ్చాకే వచ్చినవాడు తాగుతాడు. కప్పు అలాగే చల్లారిపోతే ఇంటాయన పరువు కూడా చల్లారిపోయినట్టే. అసిరయ్య వచ్చిన కొత్తలోనే ఇది కళ్ళారా చూశాడు. ఒక ముసలమ్మ జాబిర్ ఇంట్లో కప్పు కింద పెట్టింది. జాబిర్ అడిగాడు. ఆవిడ పాలమేక కావాలంది. ఇస్తానన్నాడు. ఆవిడ గటగటా తాగి మేకని తోలుకుపోయింది. ఆ తీరంలో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది.

దొరకి తెలియదు. దొర జాబిర్ ఇంటికి వెళ్ళాడు. జాబిర్ స్వయంగా కాఫీ పోసి ఇచ్చాడు. దొర కప్పు అందుకుని, అదే వేళకి మత్తర్ ఇంట్లో కూడా తాను తాగడం కుదరదు కాబట్టి, నిబంధన ప్రకారం దాన్ని తివాచీ మీద పెట్టాడు.

జాబిర్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నీ అవసరం ఏమిటి?"

"తమకేం కావాలని అడుగుతున్నారు," అన్నాడు దస్తగిరి సాహెబు.

"నాకేమీ అక్కరలేదని చెప్పు," అన్నాడు దొర.

"అయితే తాగమను," అన్నాడు జాబిర్.

"తాగను."

జాబిర్ ఆ కప్పు వైపు చాలాసేపు చూశాడు. ఆయన మనసులో ఏముందో మొహంలో కనపడుతోంది. నోటితో చెప్పలేనంత పెద్ద కోరిక అయి ఉండాలి, పాపం, పరాయి దేశం మనిషి, సిగ్గుపడుతున్నాడు! మర్నాడు తెల్లారేసరికి ఆయన ప్రాణంగా పెంచుకున్న నల్లగుర్రం దొర డేరా ముందు కట్టేసి ఉంది.

సాయంత్రం మత్తర్ ఇంట్లోనూ కప్పు కిందికి దిగింది. అక్కడినుంచి ఒక తెల్లఒంటె వచ్చింది.

దొరకి ధర్మసంకటం వచ్చింది. గుర్రం, ఒంటె సమానం కావు. సమానం కానిదాన్ని తీసుకోకూడదు. తిప్పి పంపితే పాలకులకి అవమానం. దొర ఆలోచించి ఇద్దరికీ కబురు చేశాడు. జాబిర్ ఒక ఒంటెనీ, మత్తర్ ఒక గుర్రాన్నీ పంపితే లెక్క సరిపోతుంది. వాళ్ళు పంపారు. మత్తర్ గుర్రానికి ఒక కాలు తెలుపు. జాబిర్ గుర్రానికి లేదు. దొర జాబిర్ గుర్రం కాలికి సున్నం వేయించాడు. ఇప్పుడు సమానం. ఇద్దరూ సమానంగా ఇచ్చినదాన్ని తిరస్కరించకూడదు గనక అన్నీ కానుకలు భద్రపరిచే తోషాఖానాలో చేరాయి.

పద్ధతి ప్రకారం కృతజ్ఞత చెప్పడానికి దొర మళ్ళీ ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళాడు. మళ్ళీ కాఫీ పోశారు. మళ్ళీ కప్పు కింద పెట్టాడు.

"ఇంకా ఉందట్రా ఈయన కోరిక!" అని జాబిర్ గుండె బాదుకుని డేగని పంపాడు. మత్తర్ కూడా డేగని పంపాడు. తర్వాత మేకలు వచ్చాయి. మత్తర్ మేకల్లో ఒకటి తోషాఖానాలోనే ఈనింది. దానితో సమభావం చెడింది. "పుట్టిన పిల్ల మూలముగా ఏర్పడిన అసమానతను తక్షణము సవరించవలెను," అని దొర సెలవిచ్చాడు. జాబిర్ మనుషులు ఒక మేకపిల్లని చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

ఈ జంతువులన్నీ నీళ్ళు తాగాలి కదా? పక్కనే సల్మా బావి ఉంది. పొద్దుటా సాయంత్రం రాయబారపు మంద సమానంగా రెండు వరసల్లో నిలబడి తాగేది. షేకుల మనుషులు కుండలు పట్టుకుని వచ్చేసరికి బావిలో బురద ఉండేది. బావి నీళ్ళు ముందు ఎవరు తాగాలన్న ప్రశ్నకి ఆ విధంగా జవాబు దొరికింది. రాయబారం తాగాలి.

అసిరయ్య ఇదంతా చూశాడు, చూశాడు. ఇక పట్టలేక దస్తగిరి సాహెబు దగ్గరికి వెళ్ళాడు. సాహెబు నీడలో పడుకుని గడ్డం దువ్వుకుంటున్నాడు.

"సాయిబుగారూ, కప్పు కింద ఎట్టకూడదని దొరకి తవరు సెప్పరేటండి? ఈ లెక్కన షేకులు కలవరు సరికదా, కట్టుబట్టల్తో మిగుల్తారు."

"నాకు తెలీదంటావట్రా అసిరీ? నేను దుబాసీని. నా కొలువు ఏంటి? నోటితో అన్నమాటని తర్జుమా చెయ్యటం. కప్పు మాట్లాడిందా? లేదే! మాట్లాడని కప్పుని నేనెట్లా తర్జుమా చేసేది? ఇదివరకు ఒకడు షేకుగారి నవ్వుని తర్జుమా చేశాడు. ఉద్యోగం ఊడింది."

"పోనీ నాన్సెప్పీనా?"

"చెప్పి చూడు. వంటవాడు రాజకీయం మాట్లాడితే ఏమవుతుందో నాకూ చూడాలని ఉంది."

అసిరయ్య ఆ మధ్యాహ్నం సూపు పోస్తూ నోరు తెరిచాడు. "దొరగారూ, కాఫీ కప్పు..."

"నాకిప్పుడు కాఫీ వద్దు. సూపు ఇవ్వు," అన్నాడు దొర.

అంతటితో సరి.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, దొర మధ్యాహ్నం కునుకు తీస్తున్న వేళ, వంట డేరా వెనక గుడ్డ కదిలింది. షేకు జాబిర్ వంగి లోపలికొచ్చాడు. సరిగ్గా అదే వేళకి ఎదుటి పక్కనుంచి షేకు మత్తర్ వచ్చాడు. అసిరయ్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఏం బావా, దొంగలాగ వెనకనుంచి వచ్చావు?"

"నా నల్లగుర్రాన్ని చూసుకుందామని వచ్చాను. దాని కాలికి సున్నం వేశారట్రా! నువ్వెందుకొచ్చావు?"

"నా ఒంటె కలలోకొచ్చింది. ఏడుస్తోంది."

"ఏడవదూ మరి? నా ఇంట్లో ఇంక మిగిలింది మీ అక్క ఒక్కతే. ఆయన ఇంకోసారి కప్పు కింద పెట్టాడంటే ఆవిణ్ణే తోలేస్తాను."

"అంత పని చెయ్యకు బావా! సమానంగా నన్నూ ఒక అక్కని పంపమంటారు. నాకున్నది ఆవిడొక్కత్తే. అదీ నీ దగ్గరే ఉంది."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ముందు మత్తర్ పొట్ట కదిలింది. తర్వాత జాబిర్‌ది. నవ్వు బయటికి వినపడకుండా ఇద్దరూ గోనెసంచుల మీద కూలబడి తలపాగాలు నోట్లో కుక్కుకున్నారు. కళ్ళు తుడుచుకున్నాక జాబిర్ అన్నాడు:

"ఒరే, ఆ బావి నువ్వే తీసుకో. వీళ్ళు పోతారు."

"నాకెందుకు? పెద్దవాడివి, నువ్వే తీసుకో."

"నేనిస్తుంటే కాదంటావేం? నేనిచ్చింది పుచ్చుకోలేని గొప్పవాడివయ్యావా?"

"గొప్ప నాదా, నీదా? దానాలు చేసి పేరు కొట్టేద్దామని చూస్తున్నది ఎవరు?"

గొంతులు లేచాయి. తన కూతురు మళ్ళీ సముద్రం మీద దూరమైపోతున్నట్టు అసిరయ్యకి అనిపించింది. గబగబా పొయ్యిమీది కాఫీ రెండు కప్పుల్లో పోసి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. వేడివేడి కప్పు చేతిలోకొస్తే ఎంత షేకైనా అరవలేడు. ఊదుకుంటూ తాగారు. ఒకే గిన్నె, ఒకే కాఫీ, ఒకే వేళ. తాగేసరికి తగువు తేలిపోయింది. ఎవరి ఒంటెకి ఎక్కువ దాహంగా ఉంటే అది ముందు తాగుతుంది. అంతే.

తన సంగతి కూడా చెప్పుకోవాలని అసిరయ్య నాలిక చివరిదాకా వచ్చింది. కానీ పోసేవాడు తనకేదైనా కావాలని అడగడం ఆ దేశంలో లేదు. అడగాలంటే ముందు చేతిలో కప్పు ఉండాలి. ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరు షేకులూ రెండు వాకిళ్ళలోంచి సంప్రదింపుల డేరాలోకి వచ్చారు. జాబిర్ దిండ్ల మీదికి ఎక్కకుండానే, "మేము కలిసిపోయాం," అన్నాడు.

దస్తగిరి సాహెబు తర్జుమా చేశాడు. దొర మొహం పాలిపోయింది.

"ఇది చాలా విచారకరమైన పరిణామము. సంధి మాట ముందుగా ఒక పాలకుడు పలికినచో ఔదార్యమంతయు అతనికే దక్కును. రెండవ పాలకుడు నష్టపోవును. సంధిని ఇద్దరూ ఏకకాలమున పలుకవలెను. అంతవరకు ఈ మాట పలుకబడనట్లే భావింపబడును."

కాబట్టి సంధి రిహార్సలు మొదలైంది. దస్తగిరి సాహెబు కర్ర ఊపుతాడు. కర్ర కిందికి రాగానే ఇద్దరూ "మేము కలిసిపోయాం" అనాలి. మత్తర్‌కి తొందర, కర్ర దిగకుండానే అనేవాడు. జాబిర్‌కి మాటకి ముందు గొంతు సవరించుకునే అలవాటు. ఆ సవరింపు ఒక పక్షమే చేస్తోందని దొర అభ్యంతరం చెప్పాడు. మత్తర్ కూడా గొంతు సవరించుకోవాలన్నాడు. ఇద్దరూ కలిసి సవరించుకుంటే దగ్గులు వచ్చాయి. దగ్గులు సమానంగా రాలేదు. జాబిర్ కర్ర లాక్కుని విరిచేశాడు. దొర మత్తర్ చేత కూడా ఒక కర్ర విరిపించాడు.

అసిరయ్య వాకిట్లో నిలబడి, కర్ర లేచినప్పుడల్లా కళ్ళు మూసుకుని పైడితల్లికి మొక్కుకునేవాడు. మొక్కులన్నీ తీర్చాలంటే భీమిలిలో కోళ్ళు చాలవు. ఎట్టకేలకు ఒకనాడు తల్లి విన్నది. రెండు గొంతులూ ఒక్క గొంతుగా "మేము కలిసిపోయాం" అన్నాయి. ఫిరంగి పేల్చారు. మేకలు బెదిరి తాళ్ళు తెంపుకున్నాయి, రెండు వైపులవీ సమానంగానే.

అసిరయ్య అప్పటికే మూట కట్టేశాడు. ఆ మూటలో కూతురికి గవ్వలదండ ఉంది. దాన్ని బేరమాడకుండా కొన్నాడు, అతని జన్మలో అదొక్కటే. పైవారి జవాబు రావడమే తరువాయి.

జవాబు వచ్చింది. దొర అందర్నీ వరసగా నిలబెట్టి వినిపించాడు. రాయబారం అద్భుతంగా జయప్రదమైంది. ఇంత బాగా శాంతి స్థాపించిన రాయబారాన్ని వెనక్కి పిలిస్తే ఆ శాంతిని కాపాడేదెవరు? కాబట్టి రాయబారాన్ని శాశ్వతం చేస్తున్నారు. శాంతి నెలకొన్న చోటు బావి గనక శాంతిని కాపాడడమంటే బావిని కాపాడడమే. బావి చుట్టూ గోడ కట్టి, దాన్ని ఆనుకుని బంగళా కట్టాలి. ఇద్దరు పాలకులలో ఎవరికీ లాభం కలగకుండా ఇద్దరికీ సమానంగా ప్రవేశం నిషేధించాలి.

"మరి నా సెలవు దొరగారూ?" అన్నాడు అసిరయ్య వరసలోంచి.

"సానుభూతితో పరిశీలించితిని," అన్నాడు దొర. నిజంగానే ఆయన గొంతులో సానుభూతి ఉంది. "శాశ్వత రాయబారమున వంటవాని స్థానము ఖాళీగా ఉండరాదు. నీ స్థానమున మరొకడు వచ్చిన పిదప నీవు పోవచ్చును. స్థానము ఖాళీ అయిన పిదపనే మరొకని పంపమని అడుగుటకు వీలగును. నీవు ఉన్నంతవరకు అది ఖాళీ కాదు. నీ విధేయతకు ఇది గొప్ప గౌరవము."

అసిరయ్య మూట విప్పలేదు. పొయ్యి పక్కన అలాగే ఉంచాడు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు దాని వైపు చూసేవాడు. కళ్ళు తుడుచుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు కదా.

బంగళా లేచింది. గోడ లేచింది. గోడకి బయటి వైపు ఎక్కడా తలుపు లేదు. వంటింటికి నీళ్ళు కావాలి గనక వంటింట్లోంచి మాత్రం బావి వైపుకి ఒక తలుపు, దానికి ఒక కర్ర గడియ. వంటింటికి ఇంకో తలుపు ఇసుక వైపుకి ఉంది, బూడిద పారబోయడానికి. షేకుల ఊళ్ళ ఆడవాళ్ళు కుండలు మోసుకుని కొండల్లోని ఉప్పునీటి ఊటకి నడిచి పోతున్నారు.

బంగళా ప్రవేశం నాడు దొర వరండాలో టీ విందు ఇచ్చాడు. ఇప్పుడు ఇంటాయన దొరే. నిబంధన ప్రకారం చిక్కు లేదు. అసిరయ్య టీ కాచాడు. ఇద్దరు షేకులకీ ఒకే క్షణంలో అందేలా రెండు చేతులతో రెండు కప్పులు ఇచ్చాడు.

జాబిర్ కప్పు అందుకుని తివాచీ మీద పెట్టాడు. మత్తర్ కప్పు అందుకుని తివాచీ మీద పెట్టాడు. ఇద్దరూ మోకాళ్ళ మీద చేతులు వేసుకుని దొర మొహంలోకి చూస్తూ కూర్చున్నారు.

దస్తగిరి సాహెబు గడ్డం గట్టిగా పట్టుకున్నాడు. కప్పులు మాట్లాడవు, ఆయనేం చెయ్యగలడు?

"వీరికి టీ నచ్చినట్లు లేదు," అన్నాడు దొర. "బిస్కట్లు ఇమ్ము."

బిస్కట్లు ఇచ్చారు. వాళ్ళు వాటినీ ముట్టుకోలేదు. టీ మీద మీగడ కట్టింది. దొర ఉల్లాసంగా ఉన్నాడు. "ఈ శుభదినమున మన వంటవాని సేవ కూడా మరువరాదు," అని తన చేత్తో ఒక కప్పు నింపి అసిరయ్యకి అందించాడు. "ఇదిగో అసిరయ్యా. కూర్చుండి మాతో పాటు త్రాగుము."

దొర పక్కన వంటవాడు కూర్చోవడం అక్కడ ఎవరూ ఎరగరు. అసిరయ్య తివాచీ అంచున కూర్చున్నాడు. అతని చేతిలో కప్పు ఉంది, వేడిగా. ఇన్నాళ్ళూ అతను పోసేవాడే. ఇవాళ పోయించుకున్నవాడు. కప్పు కేసి చూశాడు. వంటింటి గుమ్మంలోంచి కనపడుతున్న తన మూట కేసి చూశాడు. మెల్లిగా వంగి కప్పు కింద పెట్టాడు.

"నీకు కూడా నచ్చలేదా?" అన్నాడు దొర ఆశ్చర్యంగా. "నీవు కాచినదే కదా!"

కానీ ఆ మాట ఎవరూ వినలేదు. ఎందుకంటే, ఆ నేల మీద పుట్టి పెరిగిన ఇద్దరు మనుషులు కింద పెట్టిన కప్పుని చూశారు. పెట్టినవాడెవరని చూడలేదు, పోసినవాడెవరని చూడలేదు. కర్ర ఊపేవాడు లేకుండా, గొంతు సవరించుకోకుండా, ఇద్దరూ ఒకేసారి అడిగారు:

"నీ అవసరం ఏమిటి నాయనా?"

"ఇంటికి పోవాలి," అన్నాడు అసిరయ్య, తనకొచ్చిన బజారు అరబ్బీలో. "నాకో కూతురుంది. చూడలేదు."

"పడవ నాది," అన్నాడు జాబిర్.

"తెరచాప నాది," అన్నాడు మత్తర్. "పెద్ద ఓడల రేవు దాకా దింపిస్తాం. తాగు."

ఇవి నోటితో అన్న మాటలు. దస్తగిరి సాహెబు లేచి నిలబడి, ఇన్నేళ్ళ ఆకలి తీరా ఒక్క ముక్క వదలకుండా తర్జుమా చేశాడు. చివర తనంతట తానే కలిపాడు: "ఇద్దరు పాలకులూ కలిసి ఒక ప్రయాణం బహూకరిస్తున్నారండీ."

దొర లేచాడు. "సమానముగా ఇచ్చుచున్నారా?"

"చాప లేని పడవకీ, పడవ లేని చాపకీ తేడా ఏముందండీ? రెండూ అక్కరకి రావు."

దొర చాలాసేపు ఆలోచించాడు. వంటవాడు పోకూడదు. కానీ ఇద్దరు పాలకులూ సమానంగా ఇచ్చినదాన్ని తిరస్కరించకూడదు. నిబంధనలోని రెండో ముక్క ఆయన ఎదుట కొండలా నిలబడింది. ఆయన టోపీ తీసి షేకులకి వందనం చేశాడు. "స్వీకరించితిమి," అన్నాడు. ఈ ఘనకార్యం పైవారికి తెలియజేయడానికి వెంటనే లోపలికి పోయాడు.

అసిరయ్య తన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. మూట చంకన పెట్టుకున్నాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. తివాచీ మీద ఇంకా రెండు కప్పులు ఉన్నాయి.

"సాయిబుగారూ, ఈ టీ కాసింది నానే కదండీ?"

"నువ్వే."

"ఇచ్చిందీ నానే కదా?"

"నువ్వే. నేనిప్పుడు సముద్రం చూసుకుంటున్నాను. నాకేమీ వినపట్టం లేదు," అని సాహెబు అటు తిరిగి కూర్చున్నాడు.

అసిరయ్య షేకుల ముందు మోకాళ్ళ మీద కూర్చుని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మీ అవసరం ఏమిటి బాబూ?"

షేకులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒక వంటవాడికి చెప్పుకోవడానికి వాళ్ళకి సిగ్గేసింది. కానీ అడిగినవాడికి చెప్పకపోవడం అంతకన్నా సిగ్గు.

"మా బావి," అన్నారు.

"బావి నాది కాదు," అన్నాడు అసిరయ్య. "వంటిల్లు నాది." లేచి వంటింట్లోకి వెళ్ళాడు. బావి వైపు తలుపుకున్న కర్ర గడియ ఊడదీసి మూటలో పెట్టుకున్నాడు. ఇసుక వైపు తలుపు బార్లా తెరిచాడు. వచ్చి, "తాగండి," అన్నాడు.

ఇద్దరూ చల్లారిన టీ ఎత్తి గుటుక్కున తాగారు. తాగి మొహాలు వికారంగా పెట్టారు. దొర సరిగ్గానే కనిపెట్టాడు. వాళ్ళకి నిజంగానే టీ నచ్చలేదు.

అసిరయ్య పడవెక్కి పోయాక వంటవాని స్థానం ఖాళీ అయింది. దాన్ని పూరించమని దొర పైవారిని అడిగాడు. శాశ్వత రాయబారంలో వంటవాని స్థానం ఖాళీగా ఉండడానికి వీల్లేదు గనక, అది ఖాళీగా లేదని పైవారు జవాబిచ్చారు. దొర బిస్కట్లు తిని కాలక్షేపం చేశాడు. వంటవాడు లేని వంటింటి తలుపు ఎవరు వెయ్యాలో నిబంధనల్లో లేదు. అందుచేత ఎవరూ వెయ్యలేదు. ముందు గోడ లోపల కట్టేసిన మేకలు ఆ దారిన బయటపడ్డాయి. తర్వాత నల్లగుర్రం సున్నపు కాలితో జాబిర్ ఇంటికి పోయింది. తెల్లఒంటె మత్తర్ ఇంటికి పోయింది. పొద్దున్నే ఆడవాళ్ళు కుండలతో వంటింట్లోంచి వచ్చి నీళ్ళు తోడుకుపోయేవారు. ఎండలు ముదిరాక ఎవరి ఒంటె ముందు తాగాలని బావా బావమరుదులు మళ్ళీ మొదలెట్టారు. పక్క గదిలో దొర నిద్ర చెడకుండా, గుసగుసలాడుతూ తిట్టుకున్నారు. ఖర్జూరాలు పండగానే అక్క కబురు పెట్టింది.

భీమిలి రేవులో ఓడ ఆగింది. నూకాలు ఎప్పట్లాగే చంకలో పిల్లతో గట్టు మీద నిలబడి ఉంది. ముందు ఒక కళాసీ దిగాడు. పిల్ల "అయ్యా" అంది. వాడు నవ్వుకుంటూ పోయాడు. బియ్యం మూటలు మోసే కూలి దిగాడు. "అయ్యా" అంది. ఆ వెనక ఒక చేతిలో మూట, ఇంకో చేతిలో గవ్వలదండ పట్టుకుని అసిరయ్య దిగాడు.

పిల్ల అందర్నీ అన్నట్టే అతన్నీ "అయ్యా" అంది.

నూకాలు పిల్లని చంక దించి అతని ముందు నిలబెట్టింది. అసిరయ్య కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అలవాటు కొద్దీ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏటి కావాలమ్మా నీకు?"